చెన్నపట్టణపు భోజనశాలలు

ఇంటిలో అందఱికంటె ముందుగా లేచునది ఎవరు, అందఱికంటె వెనుక భుజించునది ఎవరు అని యడిగినచో మన యిండ్లలోని చిన్నపిల్లలు సైతము తడువుకొనక చెప్పగలరు. దోసెలు పోయు దినమునే చూడుడు. పెనముమీదినుండి దిగిన మొదటి దోసె బడికి పోవు పిల్లవానిది. రెండవది ఉద్యోగమునకు పోవు భర్తది. తరువాతివి అత్తగారివి, మామగారివి. అందఱును తిని లేచిన పిమ్మట గిన్నె యడుగున మిగిలిన పిండితో పోసికొన్న కడపటి దోసెను ఇల్లాలు చల్లారిన పచ్చడితో నిలువుకాళ్లమీద తినును. దోసె రుచి యంతయు పెనముమీదినుండి దిగిన క్షణమున నున్నది. దానిని పోయువారికి మాత్రము ఆ క్షణము దక్కదు. అది ఆమెకును దక్కవలెనన్నచో మఱియొకరు పోయవలెను.

భోజనశాలకు పోవుట విలాసమా, అవసరమా యను చర్చ మన యిండ్లలో తఱచు జరుగుచుండును. పురుషులకును పిల్లలకును అది విలాసమే కావచ్చును. వారికి ఇంటను వేడి యన్నము దొరకుచున్నది. ఇల్లాలి సంగతి వేఱు. ఒకరు వండి, ఒకరు వడ్డించి, ఇంకేమి కావలెనని యడుగుచుండగా కూర్చుండి తినుట ఆమె జీవితములో ఎన్నిమారులు తటస్థించును? పెండ్లిపందిళ్లలో గూడ ఆమె పిల్లలకు కలిపి పెట్టుటలోనే పంక్తి లేచిపోవును. కావున ఇంటివారందఱు కలిసి నెలకొకమారు బయట భుజించుట ఆమెకు న్యాయముగా రావలసిన విశ్రాంతి యని మా యభిప్రాయము.

ఈ విషయమున చెన్నపట్టణము మనకు మంచి యుదాహరణము. వైద్యమునకును, పిల్లల చదువులకును, పెండ్లిచీరల కొనుగోలునకును తెలుగు కుటుంబములు నేటికిని ఆ నగరమునకు పోవుచునే యున్నవి. అచ్చటనే తరతరములుగా కాపురమున్న తెలుగువారును పెక్కుమంది. 1953వ సంవత్సరమున ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు మన న్యాయస్థానము, మన పత్రికలు, మన సినిమాలు అన్నియు చాలవఱకు అచ్చటనే యుండెను. సముద్రతీరమున నున్న ఆ నగరమున ఎచ్చట, ఏ వేళ, ఏమి తినవచ్చునో, ఎట్లు ఎంచుకొనవలెనో సోదరీమణుల యుపయోగార్థము ఇచ్చట వ్రాయుచున్నాము.

పూర్వకథ

డబ్బిచ్చి భుజించు ఇండ్లు మనకు క్రొత్తవి గావు. ఓరుగల్లులోని పూటకూటి యింట ఒక రూకకు దొరకిన భోజనమును క్రీడాభిరామము వర్ణించినది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున పూటకూళ్లమ్మను ఎఱుగని తెలుగువారు లేరు. ఆనాడు పూటకూళ్లు పెక్కు స్త్రీల చేతులమీదుగనే నడచినవి. భర్తను గోల్పోయి, ఆస్తి లేక, చదువు లేక యున్న స్త్రీకి చేతనున్న విద్య వంటయే. ఆమె వండినది, పరదేశులైన పురుషులు, విద్యార్థులు, వ్యాజ్యములకై వచ్చినవారు భుజించిరి. అనగా భోజనశాలలో స్త్రీకి పొయ్యియొద్ద స్థానముండెను గాని విస్తరియొద్ద స్థానము లేదు.

తరువాత కాఫీహోటళ్లు వచ్చినవి. పందొమ్మిదవ శతాబ్దాంతమునుండి దక్షిణదేశమున కాఫీ వ్యాపించినకొలది పట్టణములలో వీధివీధికి ఒక కాఫీహోటలు వెలసినది. దక్షిణ కన్నడదేశపు ఉడిపి ప్రాంతమునుండి వచ్చిన వంటవారు ఇడ్లీలను, దోసెలను, సాంబారును శుచిగా వండి చౌకగా అమ్మి ఈ వ్యాపారమున పేరు గాంచిరి. వారిలో కె. కృష్ణారావుగారు ముఖ్యులు. ఆయన 1938లో చెన్నపట్టణపు రాయపేటయందు ఉడ్‌ల్యాండ్సు హోటలును నెలకొల్పిరి. కుటుంబముతో వచ్చి గౌరవముగా కూర్చుండి శాకాహారము భుజింపదగిన హోటలన్న మాట ఆ పేరుతో దేశమంతట వ్యాపించినది.

ఆనాటి హోటళ్లలో ఒక పెద్ద లోపముండెను. కొన్నింట బ్రాహ్మణులకు వేఱు చోటు, ఇతరులకు వేఱు చోటు. కొందఱికి లోపల అడుగిడుటకే వీలులేదు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 15వ అధికరణమున ఈ భేదమును నిషేధించినది. కులమతములనుబట్టి గాని, స్త్రీపురుష భేదమునుబట్టి గాని ఎవ్వరిని దుకాణములలోనికి, హోటళ్లలోనికి రానీయకుండరాదని అందు స్పష్టముగా నున్నది. అయినను పలకలు వెంటనే దిగలేదు. తిరువల్లిక్కేణిలోని యొక హోటలుమీది “బ్రాహ్మణ” అను మాటను తొలగింపవలెనని 1957లో పెరియార్ రామస్వామిగారి యనుచరులు దినదినము ఆ వాకిట నిలిచి వందలకొలది చెఱసాలకు పోయిరి. నేడు ఎవరు ఏ బల్లయొద్ద కూర్చుండినను అడుగువారు లేరు. మనము తేలికగా లోనికి నడచిపోవు ఆ ద్వారము అంత తేలికగా తెఱువబడలేదని పిల్లలకు చెప్పుట మంచిది.

స్త్రీలకు మొదట తెఱచాటు గదులు వచ్చినవి. “ఫ్యామిలీ రూము” అను పలక వ్రేలాడు ఆ చిన్నగదులలో గాలి వెలుతురులు తక్కువయైనను మన అమ్మమ్మలకు అవియే తొలి హోటలు మెట్లు. 1962లో కెథెడ్రల్ రోడ్డుమీద చెట్లనీడన ఉడ్‌ల్యాండ్సువారు డ్రైవిన్ హోటలును తెఱచిరి. కారులో కూర్చుండియే పలహారము చేయు వసతి అచ్చట నుండెను. తలుపునకు తగిలించిన పళ్లెరములో దోసెయు కాఫీయు వచ్చెడివి. బల్లలయొద్ద కూర్చుండువారును పెక్కుమంది. అది 2008లో మూతపడినది. ఆ స్థలమున నేడు సెమ్మొళి పూంగా యను ఉద్యానవనమున్నది. ఆ నీడలో పలహారము చేసిన కుటుంబములు నేటికిని ఆ చోటును తలచుకొనుచుండును.

ఉదయపు పలహారము

చెన్నపట్టణపు రుచి తెలియవలెనన్న తెల్లవారగనే మయిలాపురమునకు పోవలెను. కపాలీశ్వరస్వామివారి కోవెల, దాని ప్రక్క పెద్ద కోనేరు, చుట్టు మాడవీధులు. దర్శనానంతరము ఆకలితో వచ్చువారికై ఆ వీధులలోను, వాని వెనుక సందులలోను పలహారశాలలు పుట్టినవి. రాయరు మెస్సు అట్టి సందులలో నొకటియందున్న చిన్నచోటు. కొలదిమంది మాత్రమే ఒక్కసారి కూర్చుండగలరు; మిగిలినవారు బయట నిలుచుండవలెను. ఇడ్లి, వడ, పొంగలి, గట్టి పచ్చడి, కాఫీ, అంతే. ఉన్న నాలుగు వస్తువులును వేడివేడిగా నుండుటయే దాని ప్రఖ్యాతికి కారణము. తూర్పు మాడవీధిలోని కర్పగాంబాళ్ మెస్సు ఆకుకూర వేసిన కీరవడకు ప్రసిద్ధి.

ఉదయమున పొంగలి తినని చెన్నపట్టణవాసి యరుదు. మనము సంక్రాంతికి వండు తీపి పొంగలి గాదిది, వెణ్‌పొంగలి యందురు. బియ్యమును పెసరపప్పును మెత్తగా నుడికించి, మిరియములు, జీలకఱ్ఱ, అల్లము, కరివేపాకు, జీడిపప్పు నేతిలో వేయించి కలుపుదురు. మనవారు పులగమని యనుకొని తేలికగా తీసికొందురు గాని నెయ్యి మిక్కిలిగా నుండును. చక్కెరవ్యాధి గలవారు, హృదయరోగము గలవారు ఒక పళ్లెరమును ఇద్దఱు పంచుకొనుట మేలు.

మయిలాపురమునకు ఉత్తరముగా తిరువల్లిక్కేణి, పార్థసారథిస్వామివారి సన్నిధి. అచ్చట 1948లో నెలకొన్న రత్నాకెఫే సాంబారు ఇడ్లికి పేరు మోసినది. దానిని స్థాపించినవారు ఉత్తరదేశమున మథురనుండి వచ్చినవారని విన్నవారు ఆశ్చర్యపడుదురు. ఇడ్లీలను పళ్లెరములో నుంచి, వడ్డించువాడు లోటాతో సాంబారును అవి మునుగునంతవఱకు పోయును. మరల కావలెనన్న మరల పోయును. ఇడ్లికి సాంబారు నంజుకొనుట మన యలవాటు. సాంబారులో ఇడ్లిని నాననిచ్చి చెంచాతో తినుట ఇచ్చటి పద్ధతి. నానుటకు రెండు నిముషముల వ్యవధి నీయవలెను.

మయిలాపురము, తిరువల్లిక్కేణి రెండును సముద్రపు ఒడ్డునకు సమీపమున వేళచ్చేరికి పోవు ఎత్తుబాట రైలుమార్గమున స్టేషనులు గలవి. పిల్లలతో వచ్చువారికి ఈ మార్గము అనుకూలము.

మధ్యాహ్న భోజనము

మధ్యాహ్నమునకు రెండు మార్గములు. తమిళభోజనము మొదటిది, ఆంధ్రభోజనము రెండవది. అరటియాకు రెండింట ఒకటే. కొస ఎడమవైపున నుండునట్లు వేయుదురు. వడ్డన క్రమమే వేఱు. తమిళులు కొంచెము పప్పునెయ్యి పిమ్మట సాంబారును, ఆపై వత్తకుళంబు అను పులుసును, తరువాత రసమును, కడపట మజ్జిగను గాని పెరుగును గాని కలుపుకొందురు. మన భోజనమున మొదటి పట్టు పొడికిని పప్పునకును ఊరగాయకును చెందును. సాంబారు రాగానే “పప్పేది?” యని వెదకు తెలుగువారిని వడ్డించువారు ఇట్టే గుర్తుపట్టుదురు.

ఆంధ్రభోజనమను పలక చెన్నపట్టణమున పెక్కుచోట్ల కనబడును. కెథెడ్రల్ రోడ్డుమీది అమరావతి హోటలు వానిలో ప్రసిద్ధమైనది. కందిపొడి, గోంగూర, ఆవకాయ, ముద్దపప్పు, పచ్చిపులుసు ఇత్యాదులకై తమిళులే ఎక్కువగా వచ్చి కన్నీరు తుడుచుకొనుచు తినుట చూడ ముచ్చటగా నుండును. కారమే మన వంట యని వారు నమ్ముట మాత్రము మన దురదృష్టము. బీరకాయ పప్పు, మెంతికూర, దోసకాయ పచ్చడి వంటి సాధుపదార్థములు దొరకినచో వానినడిగి తెప్పించుకొనుడు. అడుగువారున్ననే వండువారుందురు.

చీరలకు వచ్చినవారు త్యాగరాయనగరమున దిగుదురు. పిట్టి త్యాగరాయశెట్టిగారి పేర 1920వ దశకమున వెలసిన పేట యిది. దుకాణముల రద్దీలో పూట గడచినచో ఆకలియు తలనొప్పియు తప్పవు. మధ్యాహ్నము ఒంటిగంటకు ప్రతి భోజనశాలయొద్దను జనులు క్రిక్కిరిసి యుందురు. పండ్రెండు గంటలకు ముందే భుజించి పిమ్మట దుకాణములకు పోవుట తెలివి. కె.కె. నగరున 1981లో ఆరంభమైన శరవణభవను పలు శాఖలుగా పెరిగి విదేశములకు సైతము ప్రాకినది. అట్టి పెద్ద శాకాహారశాలలలో రుచి ఎచ్చటనైనను ఒకటేరీతిగా నుండును. పసిపిల్లలతోను, వృద్ధులతోను వచ్చువారికి ఆ నిలుకడయే ఊరట.

మాంసాహారులకు మౌంటురోడ్డుమీది బుహారి హోటలు 1951నాటిది. దేశమంతట పేరు తెచ్చుకొన్న “చికెన్ 65” ఇచ్చటనే పుట్టినదందురు; ఆ పేరునుగూర్చి చెప్పు కథలు మాత్రము పలువిధములు. చెట్టినాటి వంటకు 1964లో స్థాపితమైన అంజప్పరు ప్రసిద్ధము. మిరియము, సోపు, రాతిపువ్వు, కొబ్బరి నూరి వేయు ఆ మసాలా మన కారమువలె నాలుకను గాక గొంతును తాకును. తొలిసారి పోవువారు కొంచెముగా తెప్పించుకొనుట మంచిది.

భాష తెలియదని జంకవలదు. పరుప్పు పప్పే, నెయ్ నెయ్యియే, తయిరు పెరుగు, మోరు మజ్జిగ, సుడుతణ్ణి వేడినీరు. కారము తక్కువ కావలెనన్న “కారం కమ్మి” యనిన చాలును. ఒక్కమాటలో మాత్రము మనవారు తఱచు చిక్కుకొందురు. వడ్డించువాడు గరిటె పట్టుకొని “పోదుమా?” యని యడుగును. భోజనము సగములోనుండగా పొమ్మనుచున్నాడేమి యని మన పెద్దలు నొచ్చుకొందురు. అతడు పొమ్మనుటలేదు; “చాలునా?” యని యడుగుచున్నాడు.

సాయంకాలము

సాయంకాలమునకు జార్జిటౌనులోని సౌకారుపేట. గుజరాతీ, మార్వాడీ వర్తకులును, మన కోమటి వర్తకులును తరతరములుగా వ్యాపారము చేయుచున్న చోటిది. టంకశాల వీధిలోను చుట్టుప్రక్కలను ప్రొద్దు వాలినపిమ్మట పాలు మరగుచుండును. బాదముపాలు, వేడి జిలేబి, కచోరి, నేతితో కాల్చిన ఊతప్పము మొదలగునవి అచ్చటి విశేషములు. వీధులు ఇఱుకు, బండ్ల రాకపోకలెక్కువ. పిల్లల చేయి వదలరాదు.

అచ్చటికి సమీపముననే, రేవు ప్రక్క బర్మాబజారు వైపున “అత్తో” యను తినుబండారమునమ్ము బండ్లు కలవు. సేమియాను బోలిన లావు గోధుమపోగులను క్యాబేజి, ఉల్లి, వేయించిన ఉల్లిపాయ, చింతపండు రసము, కారముతో చేత కలిపి, కరకరలాడు అప్పచ్చిని నలిపి పైన చల్లి ఇత్తురు. ప్రక్కన అరటిదవ్వ వేసి కాచిన వేడి పులుసు నుండును. ఈ వంటకు వెనుక కన్నీటికథ యున్నది. ఉత్తర సర్కారులనుండి కోరంగి మొదలగు రేవులలో ఓడలెక్కి రంగూనునకు పోయిన తెలుగువారు వేలకొలది. తమిళులును అట్లే పోయిరి. 1942లో యుద్ధభయమున కొందఱు, 1962లో సైనికప్రభుత్వము వచ్చిన పిమ్మట మఱికొందఱు సర్వస్వమును విడిచి తిరిగి వచ్చిరి. 1960వ దశకమున చెన్నపట్టణపు రేవులో దిగిన కాందిశీకులకు అచ్చటి దుకాణములును, ఈ బండ్లును జీవనాధారములైనవి. ఇల్లు పోయినను, నగలు పోయినను ఇల్లాలి చేతివంట ఓడలో వెంట వచ్చినది; అదియే కుటుంబమును నిలిపినది.

మెరీనా సముద్రతీరమున ఉడికించిన బఠాణీలలో కొబ్బరికోరు, మామిడి ముక్కలు కలిపి పొట్లములలో అమ్ము సుండలు, మొక్కజొన్నపొత్తులు, మిరపకాయ బజ్జీలు పిల్లలకు పండుగ. వేడిగా కాలినవి, కళ్లయెదుట నూనెలోనుండి తీసినవి తినవచ్చును. కోసి యుంచిన పండ్లను, మంచుముక్కలు వేసిన పానీయములను, చాలసేపు మూతలేక యున్న పచ్చళ్లను ముట్టవలదు.

పేదసాదలకై వెలసిన భోజనశాలనుగూర్చి చెప్పక ఈ పట్టిక పూర్తికాదు. 2013లో జయలలితగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు చెన్నపట్టణ నగరపాలకసంస్థ “అమ్మ ఉణవగము” లను తెఱచినది. ఇడ్లి ఒక రూపాయి, సాంబారన్నము 5 రూపాయలు, పెరుగన్నము 3 రూపాయలుగా ఆరంభమైనది. అందు వండువారును వడ్డించువారును స్వయంసహాయక సంఘముల స్త్రీలు. పూర్వపు పూటకూళ్లమ్మకు వంట దిక్కులేనితనపు గుర్తు. ఈ స్త్రీలకు అది జీతము గల యుద్యోగము. ఆస్పత్రిలో రోగితో నున్నవారికి, దూరపు కూలిపనికి పోవు స్త్రీలకు ఈ శాలలు ఎంత మేలు చేసినవో వేఱుగా చెప్పనక్కరలేదు.

ఎంచుకొను విధము

పేరుమాత్రమే చూచి పోరాదు. మంచి గృహిణి కూరగాయల నెట్లు ఏరునో భోజనశాలను గూడ అట్లే ఏరవలెను. కొన్ని గుర్తులను చెప్పెదము.

మొదటిది వేడి. పొగలుగ్రక్కు సాంబారులోను, అప్పుడే దిగిన దోసెలోను రోగభయము తక్కువ. కొబ్బరిపచ్చడి సముద్రతీరపు ఉక్కలో త్వరగా పులియును. వాసన మారినచో వెంటనే ప్రక్కకు నెట్టుడు. జనులు నిత్యము వచ్చిపోవు చోట పదార్థములు నిలువ యుండవు.

రెండవది నీరు. కాచిన నీటిని గాని, మూత విప్పని సీసానీటిని గాని త్రాగుడు; ఇంటినుండి తెచ్చుకొనుట మఱియు మేలు. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లలో నొకరకము గర్భిణీస్త్రీలకు ప్రాణాపాయకరము. గర్భవతి యైన కోడలిని, కుమార్తెను వెంటబెట్టుకొని పోవువారు ఈ మాటను మఱవరాదు.

మూడవది శుచి. చేతులు కడుగుకొనుచోట సబ్బున్నదా, బల్లను తుడుచు గుడ్డ ఎట్లున్నది, స్త్రీలకు వేఱుగా మరుగుదొడ్డి యున్నదా, దానికి గడియ యున్నదా, అందు నీరు వచ్చుచున్నదా? ఈ కడపటి ప్రశ్నను పురుషులు అడుగరు. రోజంతయు నీరు త్రాగకుండ ఓర్చుకొను స్త్రీల కష్టము వారికి తెలియదు. అడుగుటకు సిగ్గుపడవలదు.

నాలుగవది అనుమతిపత్రము. 2006 నాటి ఆహారరక్షణ చట్టము ననుసరించి ప్రతి భోజనశాలయు 14 అంకెల సంఖ్య గల పత్రమును అందఱికి కనబడునట్లు ఉంచవలెను. అది లేకపోవుటయే ఫిర్యాదు చేయదగిన లోపము.

అయిదవది లెక్క. ధరల పట్టికను ముందుగా చదువుడు. “మీల్సు” అనిన అడిగినంత వడ్డింతురో, ఒక్కమారే ఇత్తురో తెలిసికొనుడు. చల్లదనపు గదిలో ధర ఎక్కువయుండుట కలదు. సాధారణ భోజనశాలలలో ప్రభుత్వపు పన్ను నూటికి 5 రూపాయలు. దానికి తోడు సేవారుసుము అని మఱికొంత చేర్చినచో అది నిర్బంధము గాదని 2022 జూలైలో వినియోగదారుల రక్షణాధికారులు ఆదేశించిరి. 2025లో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించినది. వడ్డించినవాని చేతిలో సంతోషముగా కొంత పెట్టుట వేఱు, బిల్లులో బలవంతముగా గుంజుట వేఱు.

ఆఱవది, ఇంటికి కట్టించుకొనుట. మరగుచున్న సాంబారును పలుచని ప్లాస్టికు సంచిలో పోయించుకొనరాదు. తమిళనాడులో 2019 జనవరి 1 నుండి అట్టి సంచులు నిషిద్ధములు. స్టీలు క్యారియరు తీసికొనిపోవుట మన పెద్దల పద్ధతి. అది నేటికిని ఉత్తమము.

ఆక్షేపణలు, సమాధానములు

బయటి తిండి యలవాటైనచో ఇంటివంట చెడునని కొందఱు పెద్దలందురు. నెలకొక పూటతో చెడు వంట యే యింటను లేదు. పైగా క్రొత్తరుచి చూచిన చేయి దానిని ఇంట ప్రయత్నించును. చిన్నయుల్లిపాయలు, అప్పుడు వేయించి నూరిన పొడి, కడపట ఒక చెంచా నెయ్యి సాంబారు ఇడ్లి రుచికి ఆధారమని ఒక్కమారు తిన్న యిల్లాలు కనిపెట్టగలదు.

ఖర్చు మాటయు నిజమే. నలుగురు పెద్ద హోటలులో భుజించిన సొమ్ముతో ఇంట కొన్ని దినములు గడుపవచ్చును. కాని ఉదయపు పలహారము మధ్యాహ్నపు భోజనముకంటె చౌక. చిన్నశాల పెద్దశాలకంటె చౌక. కాఫీయు రెండిడ్లీలును గూడ వడ్డించినచో విందే. ఖర్చు తగ్గించుటకు పురుషులును పిల్లలును పోయి ఇల్లాలికి పొట్లము కట్టించి తెచ్చుట మాత్రము తగదు. చల్లారిన యా పొట్లము ఆమెకు మరల కడపటి దోసెయే.

చేతిఫోను నొక్కినంతనే ఇంటికి వంటకములు వచ్చుచుండగా బయటికి పోనేలయని యువకులడుగుదురు. తలుపుదగ్గఱకు వచ్చిన పొట్లములను విప్పువారెవరు? గిన్నెలలోనికి తీయువారెవరు? వడ్డించి, ఎంగిలి తీసి, డబ్బాలు కడిగి పాఱవేయువారెవరు? వంట తప్పినను పని తప్పలేదు. బల్లయొద్ద కూర్చుండి లేచి చేయి కడుగుకొని వచ్చుటలోని విశ్రాంతి అందు లేదు.

ఇక పోవునప్పుడు రెండు నియమములను పాటింపుడు. ఎచ్చటికి పోవలెనో, ఏమి తెప్పించుకొనవలెనో మొదట ఇల్లాలు చెప్పవలెను. “మీకేది యిష్టమో అదియే నాకును” అనుట ఆమెకు అలవాటు. ఆ మాటను అంగీకరింపక రెండవమారడుగుడు. అత్తగారిని ఇంట కావలియుంచి పోవలదు. ఆమెయు ఒకప్పుడు ఈ యింట కడపట భుజించినదే. రెండవ నియమము, పసివానికి ఆ పూట తండ్రి తినిపింపవలెను. బిడ్డను ఒడిలో నుంచుకొని ఒకచేత తిను తల్లికి హోటలైనను ఇల్లైనను ఒకటే.

వచ్చు నెలలో కుటుంబమునకు అనుకూలమైన యొక ఆదివారమును ఇప్పుడే క్యాలెండరుమీద గుర్తించుడు. చెన్నపట్టణముననే యుండనక్కరలేదు, విశాఖపట్టణమైనను, కాకినాడయైనను, మఱి యే యూరైనను శుచియైన యొక శాల దొరకకపోదు. ఆ దినమున ఇంటిపొయ్యి వెలిగింపకుడు. మొదటి విస్తరిని వండుచేతియెదుట వేయించి, ఆమె తినుట మొదలిడిన పిమ్మట మిగిలినవారు మొదలిడుడు.